పార్టీ తీసేసి మామిడికాయ పెట్టు

బాపట్ల బస్టాండులో పోయిన నెల ఒక మాట విన్నాను. వినగానే తాగుతున్న టీ పక్కన పెట్టేసి వెనక్కి తిరిగాను.

నా వెనక బెంచీ మీద ఒక తల్లీ కూతురూ వాదించుకుంటున్నారు. రాబోయే వార్డు ఎన్నికల గొడవ. తల్లి తమ పార్టీ నాయకుణ్ణి ఏదో విషయంలో వెనకేసుకొస్తోంది. కూతురు ఓపిగ్గా అంతా విని, "సరే అమ్మా, ఇప్పుడు ఆయన పేరు తీసేసి అక్కడ మామిడికాయ పెట్టు. అప్పుడు కూడా ఒప్పుకుంటావా?" అంది.

తల్లికి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఈ మాట అనే మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆ మాట ఇంకొకరి నోట వచ్చిందంటే వాళ్ళు ఆవిడ దగ్గర చదువుకునైనా ఉండాలి, ఆవిడతో రైల్లో ప్రయాణం చేసైనా ఉండాలి. లేచి వెళ్ళి, తెనాలిలో మేడం దగ్గర రీజనింగ్ నేర్చుకున్నారా అని అడిగాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "మీరూనా అక్కా?" అంది.

చీరాల బస్సు వచ్చేదాకా మాట్లాడుకున్నాం. మేడం మోకాళ్ళ నొప్పులతో క్లాసులు మానేశారట. రేపల్లెలో పుట్టింట్లోనే ఉంటున్నారట. ఆవిడ తమ్ముడు మళ్ళీ వార్డుకి నిలబడుతున్నాడని ఆ అమ్మాయే చెప్పింది. ఆ ఆదివారమే రేపల్లె వెళ్ళాలని అక్కడికక్కడే అనేసుకున్నాను. బస్సు కదిలాక కూడా ఆ తల్లి కిటికీలోంచి నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది.

మేం ఆవిడని మేడం అనే పిలిచేవాళ్ళం. నేను ఇప్పుడు బాపట్లలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నానంటే ఆవిడ చలవే. తెనాలి స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక బట్టల కొట్టు మేడ మీద కోచింగ్ సెంటరుండేది. బ్యాంకు పరీక్షలకి అక్కడ ఆవిడ రీజనింగ్ చెప్పేవారు. నేత చీర, కింద స్పోర్ట్స్ బూట్లు. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీద ఉండేది. అది కళ్ళ మీదికి దిగిందంటే ఎవరో ఒకరు దొరికిపోయినట్టే. ఎవరైనా తప్పు చెప్తే ఆవిడకి కోపం వచ్చేది కాదు, ఆకలేసిన మనిషికి అన్నం వడ్డించినంత సంబరం వచ్చేది. కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ రుద్దుకుని, "ఆగు ఆగు, మళ్ళీ చెప్పు, ఇందులో ఏదో ఉంది" అనేవారు. తన తప్పు ఎవరైనా పట్టుకుంటే ఆ సంబరం ఇంకా ఎక్కువ. "దొరికిపోయాను" అంటూ చప్పట్లు కొట్టేవారు. తన ఓటమికి తనే చప్పట్లు కొట్టుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆవిడ రేపల్లెలో రైలెక్కేవారు. నేను భట్టిప్రోలులో ఎక్కేదాన్ని. మేం తెనాలి చేరేలోపు ఆ పెట్టెలో సగం పాఠం అయిపోయేది. రోజూ రెండు పేపర్లు కొనేవారు. రెండూ చెరో పార్టీ వైపు రాస్తాయని అందరికీ తెలుసు. ఒకే వార్త రెండింట్లోంచీ పైకి చదివేవారు. ఒక పేపర్లో నాయకుడి సభకి జనం పోటెత్తారు. రెండో పేపర్లో అదే సభలో ఖాళీ కుర్చీలు వెక్కిరించాయి. పెట్టెలో వాళ్ళు ఎవరికి వాళ్ళు తమ పేపరే నిజమని వాదించుకుంటుంటే, ఆవిడ అందరి మొహాలూ సంతోషంగా చూస్తూ, అసలు ఎన్ని కుర్చీలు వేశారో రెండు పేపర్లూ రాయలేదు, గమనించారా అని అడిగేవారు. అందరూ మళ్ళీ ఆ రెండు పేపర్ల మీద పడేవారు.

ఆ పెట్టెలో రోజూ వచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవారు. ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆయన చేతిలోని పేపరు లాక్కుని రెండోది ఇచ్చేవారు మేడం. ఒకరోజు ఆయన దణ్ణం పెట్టి, "మేడం గారూ, ఇది చదివితే నాకు బీపీ పెరుగుద్దండి" అన్నాడు.

"పెరగనివ్వండి. ఎక్కడ పెరిగిందో ఆ లైను కింద గీత గీయండి. మనకి పనున్నది అక్కడే" అన్నారు మేడం.

ఆయన నిజంగానే గీత గీయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి తన పేపర్లోనూ గీతలు గీస్తున్నాడు. ఎవరికి ఓటేస్తారని మేడం ఎవరినీ అడిగేవారు కాదు. ఏం చూస్తే మీరు మనసు మార్చుకుంటారు అని మాత్రం అడిగేవారు. చాలామంది దగ్గర దానికి జవాబుండేది కాదు. కొందరు, ఏం చూసినా మార్చుకోం అని గర్వంగా చెప్పేవారు. అలాంటప్పుడు ఆవిడ మొహం చిన్నబోయేది.

ఆ ఏడు మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఆటోలకి మైకులు కట్టుకుని తెనాలి అంతా తిరుగుతున్నారు. మా క్లాసు కిటికీలోంచి పాటలు, వాగ్దానాలు. తలుపులు మూసేద్దామని ఎవరో అంటే మేడం ఒప్పుకోలేదు. ఇంత మంచి సిలబస్ వీధిలో పోతుంటే తలుపులు మూస్తారా అన్నారు.

ఒకరోజు బోర్డు మీద మూడు వాక్యాలు రాశారు. మంచి రకం మామిడికాయలన్నీ పండితే తియ్యగా ఉంటాయి. ఈ కాయ పండి తియ్యగా ఉంది. కాబట్టి ఇది మంచి రకం. చివరి మాట ఒప్పేనా అని అడిగితే అందరం కాదని అరిచాం. నాసి రకం కాయ కూడా తియ్యగా ఉండొచ్చు కదా. అంత తేలిక.

వారం గడిచాక తలా ఒక కాగితం ఇచ్చారు. మంచి నాయకులందరూ జనంలో తిరుగుతారు. ఫలానా నాయకుడు జనంలో తిరుగుతాడు. కాబట్టి ఆయన మంచి నాయకుడు. సగం మందికి ఒక పార్టీ నాయకుడి పేరున్న కాగితం, సగం మందికి రెండో ఆయన పేరున్న కాగితం. నాకు మా ఇంటి నాయకుడు వచ్చాడు. మాది భట్టిప్రోలు పక్కన వ్యవసాయం చేసే కుటుంబం. తాత కాలం నుంచీ మా డాబా మీద ఒకటే జెండా. నేను ఒప్పు అని రాసి ఊరుకోలేదు, ఎందుకు ఒప్పో కాగితం నిండా రాశాను. రెండో పార్టీ వాళ్ళ చేతికి అదే కాగితం వెళ్తే వాళ్ళు తప్పు అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మేడం నా కాగితం పేరు చెప్పకుండా పైకి చదివారు. చదువుతూ చదువుతూ ఆవిడ గొంతు సంతోషంతో వణికింది. మామిడికాయ దగ్గర అందరికంటే ముందు జవాబు చెప్పిన మనిషే ఇది రాసిందన్నారు. "తెలివి తక్కువ వాళ్ళు తప్పు చేసి ఊరుకుంటారు. తెలివిగల వాళ్ళు ఆ తప్పుకి ఇల్లు కట్టి గృహప్రవేశం చేస్తారు" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెవులు మండిపోతున్నా. అప్పటిదాకా మార్కులొస్తే చాలు, ఓటు కూడా సరిగ్గానే వేస్తామనుకునేదాన్ని. ఆ రోజు సాయంత్రం రైల్లో నా తల తిరిగిపోయింది. ఇంట్లో మా నాన్న అనే ప్రతి మాటలోంచీ పేరు తీసేసి మామిడికాయ పెట్టి చూశాను. కొన్ని నిలబడ్డాయి. చాలా కూలిపోయాయి. భయమేసింది, అంతకు మించి హుషారుగా అనిపించింది, కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నట్టు.

మా క్లాసులో రమ్య అని పెద్దగా మాట్లాడని అమ్మాయి ఉండేది. మేడం తమ్ముడు రేపల్లెలో వార్డు కౌన్సిలర్‌గా నిలబడ్డాడని తెలిసి, ఒకరోజు తనే లేచి, ఆయనకి ఎందుకు ఓటేస్తారని మేడంని అడిగింది. మేడం తడుముకోకుండా చెప్పారు. తమ నాన్నగారు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పారు, ఆ పెంపకం వాడిది. తుఫానప్పుడు చర్చి ఆవరణలో పొయ్యిలు పెట్టించి వీధి వీధికీ అన్నం పంపాడు. వాడు మంచివాడు.

రమ్య చేతులు కట్టుకునే నిలబడింది. "మేడం, తుఫానప్పుడు ఎదుటాయన కూడా అన్నం పెట్టారండి. అది ఓట్ల కోసం అని మొన్న మీరే అన్నారండి" అంది.

మేడం కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు కళ్ళ మీదికి దించి రమ్యని చాలాసేపు చూశారు. తర్వాత లేచి, దొరికిపోయానని చప్పట్లు కొట్టి, సుద్దముక్క ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఇప్పుడన్నది బోర్డు మీద రాయమన్నారు. రమ్య రాస్తుంటే పక్కన నిలబడి, తన తమ్ముడి విషయంలో తన మనసు మారాలంటే ఏం చూడాలో అప్పటిదాకా తనని తను అడగనే లేదని మాతో చెప్పారు. అడగాలి అన్నారు. అది మాతో అన్నట్టు లేదు.

ఆ వారమే రేపల్లెలో ఆ తమ్ముడి మీటింగు. రమ్యా నేనూ వెళ్ళాం. వార్డులో నాలుగు రోడ్ల దగ్గర చిన్న స్టేజీ, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో మేడం వాళ్ళమ్మగారు. మాస్టారి కూతురు చెప్తే జనం వింటారని ఆ తమ్ముడే పట్టుబట్టి అక్కని మైకు ముందుకి తెచ్చాడు. ఆయన మేడంలాగే పొడగరి, కలుపుగోలు మనిషి.

మేడం మైకు పట్టుకుని, "నేను వీడి అక్కనండి. కాబట్టి వీడి గురించి నా మాట పనికిరాదు. మీరే వీణ్ణి అడగండి" అన్నారు.

జనం నవ్వారు. నవ్వు ఆగాక చివరి వీధి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచింది. ఆ వీధిలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. తాగాలంటే కుళాయే దిక్కు. ఆ కుళాయికేమో సన్నటి దార. బిందె పెట్టి కూర్చుంటే నిండేలోపు నీళ్ళు ఆగిపోతున్నాయని చెప్పుకుంది. తమ్ముడు మైకు అందుకుని, తమ పార్టీ వస్తే రాత్రింబవళ్ళు నీళ్ళేనన్నాడు. ఈలలు వేశారు.

మేడం స్టేజీ దిగలేదు. పై వీధికి నీళ్ళు బాగానే వస్తున్నాయి, చివరి వీధికి రావడం లేదు, ఎందుకో తెలుసా అని తమ్ముణ్ణి అడిగారు. ఆయన ఎదుటి పార్టీ చేతకానితనం గురించి మొదలుపెట్టాడు. వాళ్ళ పేరు తీసేసి చెప్పమన్నారు. స్టేజీ మీద ఉన్న పెద్దలు కళ్ళెర్రజేస్తున్నారు. ఎవరో మైకు తీగ దగ్గరికి వెళ్తున్నారు. అప్పుడు తమ్ముడు, "తెలియదక్కా" అన్నాడు.

ఆ మాట అందరికీ వినపడింది. వెంటనే మైకు ఆగిపోయింది.

ఆ తర్వాత గందరగోళం. కావాలనే చెడగొట్టిందని పార్టీవాళ్ళు అరిచారు. తోడబుట్టినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి పరువు తీసిందని వాళ్ళమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేడం మాత్రం మా దగ్గరికి దాదాపు పరుగెత్తుకొచ్చారు. మొహమంతా చెమట, కళ్ళల్లో వెలుగు. తెలియదన్నాడు, విన్నారా, మైకు ముందు నిలబడి తెలియదన్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా అని మా ఇద్దరి భుజాలూ పట్టుకుని ఊపేశారు.

తర్వాత జరిగింది మాకు రోజూ రైల్లో తెలిసింది. మర్నాడు పొద్దున తమ్ముడు ప్రచారం మానేసి, నీళ్ళు వదిలే అతన్ని వెంటబెట్టుకుని పైపు వెంట నడిచాడట. పై వీధిలో ఇళ్ళవాళ్ళు కుళాయిలకి మోటార్లు బిగించుకున్నారు. నీళ్ళు వదలగానే మోటార్లు లాగేసుకుంటున్నాయి. చివరి వీధికి మిగిలేది ఆ సన్నటి దారే. పై వీధంతా ఆయన చుట్టాలు, ఆయన ఓట్లు. మొదటి మోటారు సొంత మేనమామది. ఇంకొకటి ఆయన ఇంట్లోనే ఉంది.

ముందు తన ఇంటి మోటారు పీకించాడు. తర్వాత మేనమామ గుమ్మం ఎక్కాడు. తియ్యమని అడిగాడు. "వాళ్ళకి నీళ్ళిస్తే ఓట్లు కూడా వాళ్ళనే అడుక్కో. మా ఓట్లు కావాలంటే మోటారు జోలికి రాకు" అన్నాడట ఆ మేనమామ. ఆయన అక్కణ్ణుంచి పక్కింటికి వెళ్ళాడు. ఆ పక్కింటికీ వెళ్ళాడు. కొందరు లోపల్నుంచే గడియ పెట్టుకున్నారు. ఇదంతా చెప్తున్నప్పుడు మేడం పేపర్లు కూడా తెరవలేదు. పెట్టె పెట్టంతా ఆవిడ చుట్టూ మూగింది. బీపీ పెద్దాయన, రేపు ఏమవుతుందో చూడాలని సెలవు కూడా పెట్టకుండా వచ్చేవాడు.

మేడం తమ్ముడు ఓడిపోయాడు. కొద్ది ఓట్ల తేడా. చివరి వీధి దాదాపుగా ఆయనకే వేసింది. పై వీధి ముఖం తిప్పుకుంది.

ఇంట్లో అందరూ మేడం వల్లే అన్నారు. వాళ్ళమ్మగారు చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. తమ్ముడు మాత్రం ఒకసారి వచ్చి, నాకు ఓటేశావా అక్కా అని అడిగాడట. ఓటు రహస్యం రా అన్నారట మేడం. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత క్రిస్మస్‌కి వచ్చేవాడు, అన్నం తినేవాడు, వెళ్ళిపోయేవాడు. ఆ ఓటు మాట రైల్లో చెప్పినప్పుడు మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కొన్నాళ్ళకి చివరి వీధి ఆడవాళ్ళు గెలిచినాయన దగ్గరికి గుంపుగా వెళ్ళి, మోటార్ల సంగతి మీకు తెలుసా తెలియదా అని నిలదీశారు. ఆయన వచ్చి కొన్ని తీయించక తప్పలేదు. బిందెలు నిండడం మొదలైంది. నాకు ఉద్యోగం వచ్చి బాపట్ల వచ్చేశాను. ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి.

అనుకున్నట్టే ఆ ఆదివారం రేపల్లె వెళ్ళాను. మేడం అప్పుడే చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కాళ్ళకి బూట్లు అవే. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టేసి కూర్చుండిపోయి, "రా అమ్మాయ్. ఈ మధ్య దేని గురించి మనసు మార్చుకున్నావ్?" అన్నారు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

మొన్నటి ఎన్నికల్లో మా డాబా మీది జెండా ఒకటి, నా ఓటు ఒకటి అని చెప్పాను. ఎందుకు, ఏం చూసి, అంతకుముందు ఏమనుకున్నావ్ అంటూ ఊపిరాడనివ్వలేదు. నా జవాబులో ఒకచోట ఆపి, ఇది నిలబడదు చూసుకో అన్నారు. నిజంగానే నిలబడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్ళమ్మగారు లోపల్నుంచి, వచ్చిన పిల్లని ముందు కూర్చోనివ్వవే అని కేకేశారు.

అప్పుడు అడిగేశాను. ఆ రోజుల్లో రైల్లో ఎవరికీ అడిగే ధైర్యం లేకపోయింది.

"మేడం, ఆ ఎన్నికల్లో మీరు ఎవరికి వేశారండి?"

ఆ ఎన్నిక ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు చెప్తే ఏం పోయింది అన్నారు ఆవిడ. "మా వాడికే వేశాను. మీటింగు రోజు కూడా వెయ్యాలని అనుకోలేదు. మేనమామ గుమ్మం దిగి పక్కింటి మెట్లెక్కాడని విన్నాను చూడు, అప్పుడు అనుకున్నాను."

వెనక ఏదో చప్పుడైంది. మేడంని చర్చి నుంచి దింపడానికి వచ్చిన తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ట్రే, మూడు టీ కప్పులు. వాటిలో ఒకటి ఒలికింది. ఆయన దాన్ని చూసుకోలేదు.

"నాకు వెయ్యలేదనుకున్నానక్కా. ఇన్నాళ్ళూ" అన్నాడు.

మేడం ఆయన వైపు తిరిగారు. ఆవిడ మొహంలో అంత తత్తరపాటు నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చెప్తే, అక్క కాబట్టి వేసిందనుకుంటావని చెప్పలేదన్నారు. తను ఓటేసింది తమ్ముడికి కాదు, పక్కింటి మెట్లెక్కిన మనిషికి అన్నారు.

"నువ్విలా అనుకుంటావని నాకు తట్టనే లేదురా. లోకంలో వాళ్ళ బుర్రలన్నీ కెలికాను. నీ మనసులో ఏముందో అడగలేదు" అన్నారు.

ఆయన ట్రే పిట్టగోడ మీద పెట్టాడు. ఒలికిన కప్పు తను తీసుకుని, మిగతావి మా ఇద్దరికీ ఇచ్చాడు. రెండు గుక్కలు తాగాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం పండగ ఇల్లులా ఉంది.

"మరి ఈసారి?" అన్నాడు.

"ఈసారి సంగతి ఇంకా తెలియదు. కూర్చో, అడుగుతాను" అన్నారు మేడం.

ఆయన కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు.

"అడుగు" అన్నాడు.